యజమాని విదేశంలో, గృహం స్వదేశంలో

1970వ దశకంలో చమురు ధరలు హెచ్చిన పిమ్మట హైదరాబాదు నుండి అనేకులు ఉపాధి నిమిత్తం గల్ఫ్ దేశాలకు తరలివెళ్లారు. అక్కడ కూడబెట్టిన ధనాన్ని ఇక్కడ ఇళ్లపైన, దుకాణాలపైన వెచ్చించినవారు తక్కువేమీ కాదు. ధనం పెట్టినవాడు జిద్దాలో, కిరాయి వసూలు చేసేవాడు మలక్‌పేటలో! ఏళ్ల తరబడి సాగవలసిన ఈ సంబంధానికి పునాది ఏది?

నమ్మకమే అంటారు చాలామంది. నేనెరిగిన ఒక కుటుంబంలో అన్నగారు విదేశం వెళుతూ రెండు ఇళ్లను తమ్మునికి అప్పగించారు. లెక్క అడగడం అమర్యాదని ఆయన, చూపడం అనవసరమని ఈయన భావించారు. తమ్ముడు కప్పు మరమ్మతుకు సొంత సొమ్ము వెచ్చించాడు గాని రశీదులు దాచలేదు. పన్నెండేళ్ల తరువాత ఒకరు మోసమన్నారు, మరొకరు కృతఘ్నత అన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదనే నా విశ్వాసం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఇట్టి నిర్వాహకుని ఏజెంటుగా పరిగణిస్తుంది. యజమాని ఆదేశాలను పాటించడం, అడిగినప్పుడు లెక్క చూపడం, తనకు రావలసినది మినహాయించుకొని మిగిలిన సొమ్ము అప్పగించడం అతని విధులు. అన్న అడగలేదు గనుక ఆ చట్టం వారికి అక్కరకు రాలేదు. కనుక ప్రతి మూడు నెలలకు లెక్క పంపాలని ఒప్పందంలోనే వ్రాసుకోవాలి.

ప్రతిఫలం విషయం మరింత సున్నితమైనది. వసూలైన కిరాయిలో శాతం ఇస్తే వసూలుపై శ్రద్ధ పెరుగుతుంది, ఇల్లు ఖాళీగా పడి ఉండదు. మరమ్మతు ఖర్చుపై శాతం ఇస్తే మాత్రం మరమ్మతులకు అంతుండదు! వానాకాలంలో కప్పు కారుతుంటే జిద్దా నుండి అనుమతి వచ్చేదాకా ఆగడమూ కుదరదు. కిరాయిలో కొంత భాగాన్ని వేరు ఖాతాలో నిలువ ఉంచి, ఒక మొత్తం వరకు నిర్వాహకుడే ఖర్చు చేసేటట్లు, అంతకు మించితే యజమాని సమ్మతి పొందేటట్లు ఏర్పరచుకోవడం మేలు.

ముఖ్తార్‌నామాలో కిరాయి, పన్నులు, మరమ్మతులకు మాత్రమే అధికారమిస్తే చాలు, విక్రయాధికారం ఎందుకు? ముఖ్తార్‌నామా తనంతట తానుగా యాజమాన్యాన్ని బదిలీ చేయదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. యజమాని మరణిస్తే సాధారణంగా ఆ అధికారమూ ముగుస్తుంది. ఈ సంగతి వారసులకు ముందే తెలియాలి.

గడువును మూడేళ్లో, అయిదేళ్లో నిర్ణయించుకుంటే తగిన కారణం లేకుండా మధ్యలో తొలగించిన యజమాని నష్టపరిహారం చెల్లించవలసి వస్తుంది. మధ్యలో విడిచిపోయిన నిర్వాహకునికీ అదే నియమం. గడువు తీరిన నాడు తాళపు చెవులు, కిరాయి పత్రాలు, కిరాయిదారుల అడ్వాన్సు సొమ్ము ఎవరికి అప్పగించాలో కూడ ఆ కాగితంలోనే ఉండాలి.