జాగిలం బెదిరితే కొట్టొద్దు

మీరట్‌లోని రీమౌంట్ వెటర్నరీ కోర్ కేంద్రంలో సైనిక జాగిలాలకు 1960 నుంచి శిక్షణ ఇస్తున్నారు. పేలుడు పదార్థాలు పసిగట్టడం నేర్పడానికి మించి ఓపిక కావలసిన పని ఒకటుంది. నిన్నటిదాకా అందరి చేతులూ నాకిన పిల్ల, ఆరో నెల దాటాక ఉన్నట్టుండి కొత్తవారిని చూసి తోక ముడుస్తుంది, గుర్రుమంటుంది. చాలాసార్లు అది వయసు తెచ్చే బెదురే. పిరికిదని ముద్ర వేయడం తొందరపాటు.

మెడపట్టీ పట్టి మనిషి దగ్గరకు ఈడ్చుకెళితే బెదురు ముదురుతుంది. గుర్రుమన్నందుకు కొడితే మరీ ప్రమాదం. హెచ్చరించడం మానేసి నేరుగా కరవొచ్చు. గాలింపు జరిగే ఊళ్లో, గుమ్మాల్లో నిలబడ్డ పిల్లల మధ్య అలాంటి కుక్కను నడిపించలేం.

ముందు దూరం పెంచాలి. కొత్త మనిషి కనబడుతున్నా కుక్క తిండి ముట్టగలిగేంత దూరం. ఆయన దాని కళ్లలోకి చూడకూడదు, చేయి చాపకూడదు, పక్కకు తిరిగి నిలబడాలి. కనబడిన ప్రతిసారీ హ్యాండ్లర్ చేతి నుంచి ఓ మాంసం ముక్క అందాలి. దగ్గరకు వెళ్లాలా వద్దా అన్నది కుక్క ఇష్టం. (సైన్యంలో అంత స్వేచ్ఛ మాకెవరికీ దొరకలేదు!) వారాలు పట్టొచ్చు.

2023 సెప్టెంబరులో రాజౌరీ ఎదురుకాల్పుల్లో హ్యాండ్లర్‌ను కాపాడుతూ ప్రాణమిచ్చిన లాబ్రడార్ కెంట్‌ను దేశం చూసింది. ఆ నమ్మకం కొట్టి రప్పించేది కాదు.

మీ ఇంటి కుక్కపిల్లకూ పద్ధతి ఇదే. తల నిమరబోయే చుట్టాన్ని ముందు ఆపండి.