సేనానుల పేర్లు, స్థలముల పేర్లు

మన బళ్ళారిలో బ్రూసుపేట యను పేట యొకటి కలదు. దినమునకు వేలాది జనులు ఆ పేరు పలుకుచునే యుందురు. ఆ బ్రూసు ఎవరని అడిగినచో చెప్పగలవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. ఆయన కుంఫిణీ కాలపు ఆంగ్లేయాధికారి. తెల్లదండు ఊరు విడిచి ఎన్ని దశాబ్దములైనను కంటోన్మెంటు అను పేరును అట్లే నిలిచియున్నది. ఇట్టి పేర్లను ఉంచవలెనా, తీసివేయవలెనా యను ప్రశ్న ఇటీవల అమెరికాలో సైనిక స్థావరముల విషయమున మిక్కిలి తీవ్రముగా చెలరేగినది. మన చెన్నపట్టణమున అంతకు చాల ముందే, ఒక సేనాని విగ్రహము విషయమున ఇదే ప్రశ్న వచ్చినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన మన ఊరి సంగతియు కొంత తేటపడునని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

1857వ సంవత్సరపు తిరుగుబాటును అణచుటకు చెన్నపట్టణమునుండి ఉత్తరమునకు పోయిన సేనలో జేమ్సు నీల్ అను అధికారి యుండెను. అలహాబాదులోను, ఆ దారి పొడవునను అతడు విచారణ యనునది పేరునకైన లేకుండ జనులను ఉరితీయించెను. కాన్పూరులో ఆంగ్లేయ స్త్రీలను, శిశువులను తిరుగుబాటుదారులు చంపిరనుట నిజమే, అది ఘోరకృత్యమే. కాని అందుకు ప్రతీకారముగా నీల్, పట్టుబడినవారిచేత నేలపై ఎండిన నెత్తురును నాకించి, ఆ పిమ్మట ఉరికంబమెక్కించెను. ఆ యేడు సెప్టెంబరు 25వ తేదీన లక్నోలో అతడు గుండుదెబ్బకు కూలెను. 1860లో మౌంటురోడ్డున అతని కంచువిగ్రహము వెలసినది. బెంగాలున తిరుగుబాటు వరదకు మొదట అడ్డుకట్ట వేసినవాడని దాని పీఠముపై చెక్కించిరి.

1927లో ఆ విగ్రహమును తొలగింపవలెనని సత్యాగ్రహము మొదలైనది. కొందరు యువకులు దానిని పగులగొట్టబోయి చెఱసాలకు పోయిరి. గాంధీ మహాత్ముడు వారి ఉద్దేశమును మెచ్చెను గాని అహింసను వీడరాదనియు, చచ్చిన మనిషిపై ద్వేషము కూడదనియు హెచ్చరించెను. ఆనాడు పని నెరవేరలేదు. పదేండ్ల తరువాత, 1937లో, రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చినప్పుడు విగ్రహమును వీధినుండి తీసివేసిరి. అది తుదకు ఎగ్మూరు వస్తుప్రదర్శనశాలకు చేరినది. అప్పుడు బళ్ళారి చెన్నరాష్ట్రములోనిదే గనుక అది మన ప్రభుత్వము చేసిన పనియే. వారు దానిని పగులగొట్టలేదు, కరగింపలేదు; స్థలము మాత్రము మార్చిరి. అందరును నడచు రాచబాటలో ఎత్తుపీఠముపై నిలిపినది గౌరవము. వస్తుప్రదర్శనశాలలో ఉంచినది జ్ఞాపకము. ఈ రెండింటికిని గల భేదమును ఇంత తేటగా చూపిన ఉదాహరణము మరియొకటి మాకు తట్టలేదు.

ఇక అమెరికా సంగతి. 1861 మొదలు 1865 వరకు ఆ దేశమున అంతర్యుద్ధము జరిగినది. బానిసత్వమును నిలుపుకొనుటకై దక్షిణ రాష్ట్రములు విడిపోయి, స్వదేశ సైన్యముపైననే యుద్ధము చేసి ఓడిపోయినవి. ఆ పక్షపు సేనానులైన లీ, బ్రాగ్, హుడ్, బెన్నింగ్ మున్నగువారి పేర్లు తొమ్మిది సైనిక స్థావరములకు ఉండెడివి. ఆశ్చర్యమేమనగా, ఈ పేర్లు యుద్ధము ముగిసిన వెంటనే పెట్టినవి గావు. మొదటి ప్రపంచయుద్ధ కాలమునను, రెండవదాని కాలమునను దక్షిణాది భూములలో శిబిరములు కట్టవలసి వచ్చినప్పుడు, అచ్చటి తెల్లవారి మెప్పునకై పెట్టినవి. అప్పటికి నల్లవారికి అచ్చట వోటు లేదనుటకు తగినంతే యుండెను, వారినెవరును అడుగలేదు. పైగా బ్రాగ్ అనునాతడు గెలిచిన యుద్ధములకంటె ఓడిన యుద్ధములచేతనే ప్రసిద్ధుడు!

అమెరికా భూసైన్యములో నేడు ఇంచుమించు అయిదుగురిలో ఒకరు నల్లజాతివారు. తన తాతముత్తాతలను బానిసలుగా ఉంచుటకై పోరాడినవాని పేరును ఆ సైనికుడు ప్రతి జాబు పైననూ తన చిరునామాగా వ్రాసికొనవలసి యుండెను. 2020లో జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసుల చేతిలో మరణించిన పిమ్మట ఈ మాట బలముగా వినవచ్చెను. అధ్యక్షుడు ట్రంపు నిరాకరించినను, 2021 జనవరి 1వ తేదీకి శాసనసభలు రెండును ఆ నిరాకరణమును త్రోసివేసి పేర్ల మార్పునకై చట్టము చేసినవి. 2023లో తొమ్మిది పేర్లును మారినవి. ఫోర్టు లీ, గ్రెగ్ – ఆడమ్సు అను ఇద్దరు నల్లజాతి అధికారుల పేరు దాల్చెను. ఫోర్టు బ్రాగ్, ఫోర్టు లిబర్టీ యయ్యెను. సైన్యమందలి ఇట్టి గుర్తులన్నిటిని మార్చుటకు 6 కోట్ల డాలర్లకు పైగా వ్యయమగునని అంచనా వేసిరి.

మార్పు వలదన్నవారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. అచ్చట శిక్షణ పొంది యుద్ధమునకు పోయినవారు తరతరములుగా ఆ పేరును తమ యౌవనముతో ముడివేసికొనిరి. వారికి ఫోర్టు బ్రాగ్ అనగా బ్రాగ్ దొర కాదు. తమతో కూడ విమానమునుండి దూకిన మిత్రుడు. ఆ అభిమానము కల్ల గాదు. కాని అది ఆ స్థలమునకు చెందినది గాని సేనానికి చెందినది గాదు గదా! స్థలము ఎచ్చటికిని పోలేదు.

2025లో కథ మరియొక మలుపు తిరిగినది. ప్రభుత్వము పాత పేర్లన్నిటిని మరల తెచ్చెను. అయితే తిరుగుబాటు సేనానుల పేర్లను చట్టము నిషేధించియుండుటచే, అదే ఇంటిపేరుగల వేరు సైనికులను వెదకి పట్టిరి. ఇప్పుడు బ్రాగ్ అనగా రెండవ ప్రపంచయుద్ధమున పోరాడిన రోలాండ్ బ్రాగ్. లీ అనగా 1898లో క్యూబాలో సాహసము చూపిన ఫిట్జ్ లీ అను నల్లజాతి సైనికుడు. ఏ.పి. హిల్ అను స్థావరమునకైతే అక్షరములు కలియుటకు ఆండర్సన్, పిన్, హిల్ అను ముగ్గురు కావలసి వచ్చిరి. ఆ ముగ్గురును బానిసత్వమునకు ఎదురు నిలిచిన ఉత్తరాది పక్షమువారే! ఈ సైనికులు గౌరవార్హులే. కాని వారి గౌరవము వారి కొరకు వచ్చినది గాక, పేరు కలియుటచే వచ్చినది. మా అభిప్రాయమున ఇది చిక్కును విప్పుట గాదు, కప్పుట.

మన దేశమునను ఇట్టి మార్పులు సాగుచునే యున్నవి. అండమానులలో ఆ నీల్ పేర నొక ద్వీపము, అతని పై అధికారి హావ్‌లాక్ పేర నొక ద్వీపము ఉండెడివి. 2018 డిసెంబరున అవి షహీద్, స్వరాజ్ ద్వీపములైనవి. 1943లో నేతాజీ ఆ దీవులకు సూచించిన పేర్లవి. కలకత్తాలో మన సైన్యపు తూర్పు కేంద్రమైన ఫోర్టు విలియమునకు విజయదుర్గమను పేరు వచ్చినది.

అట్లయిన ఆంగ్లేయుల పేర్లన్నియు పోవలెనా? అదే మౌంటురోడ్డు చెంత 1839 నుండి నేటి వరకు గుఱ్ఱముపై కూర్చుండి సర్ థామస్ మన్రో దొర కానవచ్చుచున్నాడు. అతడును సైనికుడే, కుంఫిణీ సేవకుడే. 1800లో నిజాము మన సీమను కుంఫిణీకి దత్తము చేసినప్పుడు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చి ఏడేండ్లు ఇచ్చట పనిచేసెను. పాళెగాండ్రను అణచెను, ఆ వంశములవారు అతనిని వేరుగా తలంతురేమో. కాని రైతుతో నేరుగా మాటలాడి శిస్తు నిర్ణయించిన అధికారిగా అతని పేరు సీమ పల్లెలలో ఆదరముతో నిలిచినది. 1827లో పత్తికొండలో కలరాచే మరణించెను. నీల్‌ను తీసివేసిన జనులే మన్రోను ఉంచిరి. వారు చూచినది తోలు రంగును గాదు, చేసిన పనిని.

మన బళ్ళారివంటి సరిహద్దు సీమలో ఈ ప్రశ్న మరింత సున్నితమైనది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును పోయినవి. 2014 నవంబరు 1న ప్రభుత్వము ఇంగ్లీషున బెల్లరీ యను వ్రాత మాన్పి బళ్ళారి చేసినప్పుడు కన్నడిగులును తెలుగువారును సమముగా సంతోషించిరి. ఇరువురి నోటను అది ఎప్పుడును బళ్ళారియే. కాని అన్ని మార్పులును ఇంత సులభముగా నుండవు. ఎక్కువమంది కోరినంత మాత్రమున పేరు మార్చవచ్చునన్నచో, తక్కువమందిగా నున్న మనవంటివారి గుర్తులు ఏమగును? ఈ ఊరి వకీలును మహానటుడును అయిన బళ్ళారి రాఘవగారి పేర రాఘవ కళామందిరము నేటికిని నిలిచియున్నది. ఆ పేరును తెలుగువారితో పాటు కన్నడ సోదరులును గౌరవించుచున్నారు. కావున పేరు తీయుటకు ముందు అడుగవలసినది, ఆ పేరు ఎవరికి నొప్పి కలిగించుచున్నదని. పెట్టుటకు ముందు అడుగవలసినది, ఆ వీధిలో నివసించువారు దానిని తమదిగా తలంతురా యని.

బ్రూసుపేట విషయమున మాకు తొందర లేదు. ఆ పేరు నేడు ఎవరి మనస్సును గాయపరచుట లేదు. అందు ఎవరిని పూజించుటయు లేదు. బ్రూసు ఎవరో, ఆ పేట ఎప్పుడు వెలసెనో తెలుగునను కన్నడమునను చెక్కిన రాతిపలక యొకటి అచ్చట నిలిపిన చాలును. మునిసిపాలిటీవారు అనుమతించినచో, అందుకు కావలసిన చరిత్రను సేకరించి ఇచ్చుటకు మన పై తరగతుల విద్యార్థులు సిద్ధముగా నున్నారు.