మెదడుకు యాంటీవైరల్ మందుల చేరవేత: నానోకణ వాహకాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• రక్త-మెదడు అవరోధం మందులను ఎలా అడ్డుకుంటుందో వివరించగలుగుతారు.
• నానోకణ వాహకాలు ఆ అవరోధాన్ని దాటే విధానాన్ని, వాటి పరిమితులను తెలుపగలుగుతారు.

1. సమస్య

హెచ్.ఐ.వి. సోకిన వ్యక్తి క్రమం తప్పకుండా మందులు వాడితే, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువ స్థాయికి చేరుతుంది. అయితే ఈ వైరస్ తొలి దశలోనే మెదడులోకి ప్రవేశించి, మైక్రోగ్లియా, మాక్రోఫేజ్ కణాలలో తిష్ఠ వేయగలదు. అందువల్ల రక్తంలో వైరస్ అదుపులో ఉన్నప్పటికీ కొందరిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత తగ్గుతాయి. మెదడుకు మందు తగినంత అందకపోవడం ఇందుకు ఒక కారణమని భావిస్తారు.

2. రక్త-మెదడు అవరోధం

1885లో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తంలోకి రంగులు ఎక్కించినప్పుడు చాలా అవయవాలకు రంగు పట్టింది గాని మెదడుకు పట్టలేదు. మెదడు కణజాలానికి ఆ రంగులను పట్టుకొనే గుణం లేదని ఆయన అనుకున్నాడు. 1913లో ఆయన శిష్యుడు ఎడ్విన్ గోల్డ్‌మన్ ట్రైపాన్ బ్లూ అనే రంగును నేరుగా మెదడు-వెన్నుపాము ద్రవంలోకి ఎక్కించగా మెదడుకు రంగు పట్టింది. అంటే లోపం కణజాలంలో లేదు. రక్తానికి, మెదడుకు మధ్య ఒక అడ్డు ఉంది.

మెదడులోని రక్తకేశనాళికల గోడ కణాలు ఒకదానికొకటి సందు లేకుండా బిగుతుగా అతుక్కొని ఉంటాయి. పైగా వాటిపై ఉన్న పి-గ్లైకోప్రొటీన్, లోనికి వచ్చిన కొన్ని మందులను తిరిగి రక్తంలోకి నెట్టివేస్తుంది. ఇండినావిర్, సాక్వినావిర్ ఇటువంటి మందులే. మోతాదు పెంచితే ఇతర అవయవాలపై దుష్ఫలితాలు పెరుగుతాయి.

3. నానోకణాలు ఎలా దాటుతాయి?

నానోమీటరు అంటే మీటరులో 100 కోట్లవ వంతు. లైపోసోములు, ఘన కొవ్వు కణాలు, శరీరంలో కరిగిపోయే పాలిమర్ కణాలు ముఖ్యమైన వాహకాలు. చిన్నవి కాబట్టి ఇవి సులభంగా దూరిపోతాయని అనుకోవడం పొరపాటు. మందు అణువు వీటికంటే ఎంతో చిన్నది. అదే దాటలేకపోయింది కదా!

అసలు కీలకం కణం ఉపరితలంలో ఉంది. మెదడు తనకు కావలసిన ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాల ద్వారా తీసుకుంటుంది. నానోకణానికి ట్రాన్స్‌ఫెరిన్‌ను జతచేస్తే ఆ గ్రాహకం దానిని పట్టుకొంటుంది. గోడ కణం దానిని చిన్న సంచిలా లోనికి మడిచి అవతలి వైపుకు చేర్చగలదు. లోపల దాగి ఉన్న మందు పి-గ్లైకోప్రొటీన్ కంట పడదు.

4. పరిమితులు

రక్తంలోకి ఎక్కించిన నానోకణాలలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టివేస్తాయి. ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకాలు ఇతర అవయవాలలోనూ ఉన్నాయి. కొన్ని కణాలు గోడ కణాలలోనే చిక్కుకుపోతాయి. హెచ్.ఐ.వి. విషయంలో ఈ పద్ధతిపై జరిగిన కృషి ప్రధానంగా ప్రయోగశాల కణాలకు, జంతువులకు పరిమితమైంది. కాబట్టి దీనిని అందుబాటులో ఉన్న చికిత్సగా గాక, పరిశోధనలో ఉన్న మార్గంగా గుర్తుంచుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. గోల్డ్‌మన్ ప్రయోగం ఎర్లిక్ అభిప్రాయాన్ని ఎలా సరిదిద్దింది?
2. నానోకణం పరిమాణం కంటే దాని ఉపరితలం ఎందుకు ముఖ్యం?