మెగావాట్లొస్తే వలస ఆగుతుందా?

గల్ఫ్ దేశాల చమురు శుద్ధి కర్మాగారాల్లో, గ్యాస్ ప్లాంట్లలో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా పనిచేస్తున్నవాళ్లలో శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, టెక్కలి ప్రాంతాల కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఈ దారి కొత్తది కాదు. వందేళ్ల కిందట ఇదే తీరం నుంచి జనం ఓడలెక్కి బర్మా వెళ్లారు. చమురు, టేకు, బియ్యం పుష్కలంగా ఉన్న దేశం అది. నానాజాతుల కూలీలు కలిసి బతికిన దేశం. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లు. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె కడితే ఓడల వాళ్లు బర్మా కూలీలను పనిలోకి దించారు. సమ్మె తీరాక ఆ బర్మా కూలీలను పొమ్మన్నారు. ఆ రగడ నగరమంతా పాకి ఎందరినో బలిగొంది. 1942లో జపాన్ దాడితో లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు. సంపద ఉన్న దేశం పనివాళ్లను పిలుస్తుంది, గడ్డుకాలం రాగానే పరాయివాళ్లనే ముందు సాగనంపుతుంది. అందుకే ‘ఊళ్లోనే పని’ అనే మాటకు ఉత్తరాంధ్రలో అంత విలువ. విద్యుత్ కేంద్రాల ప్రతిపాదనలు ఈ జిల్లాకు వచ్చింది కూడా ఆ మాట చెప్పుకునే.

2003 విద్యుత్ చట్టం థర్మల్ కేంద్రాలకు లైసెన్సు అక్కర్లేకుండా చేశాక ప్రైవేటు కంపెనీల చూపు తీరం మీద పడింది. చల్లబరచడానికి సముద్రపు నీరుంది, బొగ్గు దిగడానికి ఓడ దారి ఉంది. నరసన్నపేట నుంచి జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరానికి పోతే కాకరాపల్లి, సోంపేట. దక్షిణానికి వస్తే రణస్థలం మండలం కొవ్వాడ. ఒకే జిల్లాలో రెండు బొగ్గు కేంద్రాలు, ఒక అణు కేంద్రం తలపెట్టారు. సోంపేటలో 2,640 మెగావాట్ల కేంద్రానికి ఎంచుకున్నది నీరు నిలిచే బీల భూములు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి; అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. అక్కడా 2,640 మెగావాట్లే. అక్కడా నీరు నిలిచే తంపర భూములే. పక్షులు వచ్చి గూళ్లు కట్టే తేలినీలాపురం ఆ దాపునే ఉంది.

ఊరికి కొలువులు వస్తాయంటే జనం ఎందుకు ఎదురు తిరిగారు? కారణం పని లెక్కలోనే ఉంది. థర్మల్ కేంద్రానికి పెట్టుబడి ఎక్కువ, మనుషులు తక్కువ. కట్టే నాలుగైదేళ్లు వేలమందికి పని దొరుకుతుంది. అందులో మెలకువ ఉన్న పనులకు కాంట్రాక్టర్లు బయటి రాష్ట్రాల ముఠాలను తెచ్చుకుంటారు. బాయిలర్ వెలిగాక మిగిలేది వందల ఉద్యోగాలు; వాటికి డిప్లొమాలు, డిగ్రీలు కావాలి. బీల సంగతి వేరు. ఆ నీటితో చుట్టుపక్కల పొలాలు పండుతాయి, అందులో చేపలు పడతారు, పశువులు మేస్తాయి, జమ్ము కోసి చాపలు అల్లుతారు. రికార్డుల్లో అది పనికిరాని నేల, ఊళ్లకు అదే ఆదరువు. పైగా నేలకిచ్చే పరిహారం ఎక్కువగా పట్టా ఉన్నవాడికి దక్కుతుంది. కౌలురైతుకు, చేపలు పట్టేవాడికి, గడ్డి కోసుకునే ఆడమనిషికి పట్టా ఎక్కడిది? వలస మొదట బయలుదేరేది ఆ ఇళ్ల నుంచే. అంటే వలస ఆపడానికని చెప్పిన కేంద్రమే కొత్త వలసకు విత్తనం వేస్తుంది.

‘కరెంటు లేకపోతే పరిశ్రమ రాదు, పరిశ్రమ లేకపోతే వలస ఆగదు’ అన్నది బలమైన వాదనే. కరెంటు కావాలనడంలో ఎవరికీ పేచీ లేదు. అయితే కేంద్రం పక్కన ఉన్నంత మాత్రాన ఊరికి కరెంటు దండిగా అందదు. ఉత్పత్తయినదంతా గ్రిడ్డులో కలిసి గిరాకీ ఉన్నచోటికి పోతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ జిల్లాలోని ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో మగ్గాయి. దేశంలో కరెంటు లేకనా? స్తంభాలు కూలిపోయి, తీగలు తెగిపోయి. ఆ తుపానుకే కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లు కూర్చుని తినగల ఇల్లు ఏది? ఇక్కడి మనిషిని ఊళ్లో నిలిపేది గాలివానకు తట్టుకునే లైను, తోట పోయినప్పుడు ఆదుకునే బీమా. మెగావాట్ల సంఖ్య ఆ రెండింటికీ బదులు కాదు.

బొగ్గు వద్దంటే అణువిద్యుత్తు ఉంది కదా అంటారు. కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు ప్రతిపాదించారు. బొగ్గు పొగ, బూడిద ఉండవన్నది నిజమే. కానీ చేపల వేటకు వెళ్లేవాడికి ఇల్లెంత ముఖ్యమో పడవ నిలిపే ఒడ్డూ అంతే ముఖ్యం. సముద్రానికి దూరంగా పక్కా ఇల్లు కట్టిచ్చినా అతని వృత్తి ఒడ్డునే ఉండిపోతుంది. ఒడ్డున్నా సరైన రేవు లేకపోతే ఏమవుతుందో ఈ జిల్లాకు బాగా తెలుసు. 193 కిలోమీటర్ల తీరం ఉండి, పెద్ద పడవలు నిలిపే హార్బర్లు లేక మన మత్స్యకారులు ఏడాదిలో ఎక్కువ నెలలు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద కూలికి పోతున్నారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్రవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు. ‘తండేల్’ సినిమాకు ఆధారం ఆ ఘటనే. వాళ్లను ఇక్కడే నిలపాలంటే జెట్టీ, ఐసు ఫ్యాక్టరీ, శీతల గిడ్డంగి, వాటికి కోత లేని కరెంటు కావాలి. విద్యుత్తుకు, వలసకు అసలైన ముడి అక్కడుంది.

సౌరవిద్యుత్తుకు మాత్రం భూమి అక్కర్లేదా? కావాలి, ఒక్కో మెగావాటుకు నాలుగైదు ఎకరాలు. తంపరనో మెట్టపొలాన్నో ఫలకాలతో కప్పేస్తే బొగ్గు కేంద్రం చేసిన తప్పే మరో పేరుతో జరుగుతుంది. అందుకే ఇంటి కప్పులు, బడుల మిద్దెలు, జీడి ఫ్యాక్టరీల రేకులు ముందు వాడుకోవాలి. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్ల ఇంటి ప్లాంటుకు రూ.78,000 వరకు రాయితీ ఇస్తోంది. బిగించే పని, బాగుచేసే పని ఊరూరా ఉంటాయి. గల్ఫ్‌లో పైపులు అతికిన చేతులకు అవి కొత్తేమీ కావు. దీంతో వలసంతా ఆగిపోతుందని కాదు. బయటి సంపాదనతో ఇళ్లు లేచాయి, పిల్లలు చదువుకున్నారు, నరసన్నపేట బజారులో బంగారం కొనేవాళ్లలో ఆ డబ్బుతో వచ్చినవాళ్లూ ఉంటారు. ఇష్టపడి వెళ్లడం వేరు, కాళ్ల కింద నేల పోయి వెళ్లడం వేరు. రెండోదాన్ని మన విద్యుత్ విధానం పెంచకూడదు.

పెద్ద థర్మల్, అణు ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 పర్యావరణ నోటిఫికేషన్ చెబుతోంది. ఆ సభకు వెళ్లేవాళ్లు మెగావాట్లు ఎన్నని అడగక్కర్లేదు, వాళ్లే చెబుతారు. కట్టడం అయ్యాక ఈ మండలంవాళ్లకు మిగిలే పక్కా ఉద్యోగాలు ఎన్ని, ఈ నేల మీద, ఈ నీటి మీద ఇప్పుడు బతుకుతున్న పట్టా లేని కుటుంబాలు ఎన్ని అని అడగాలి. ఈ రెండు అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసి ఇచ్చేదాకా ఏ ప్రాజెక్టుకూ ఊ కొట్టకూడదు.