విశాఖ సాంకేతిక సదస్సుల్లో సామాన్య సందర్శకుడు

సాంకేతిక వాణిజ్య ప్రదర్శన అంటే తయారీదారులు, కొనుగోలుదారులు, పరిశోధకులు, ప్రభుత్వాధికారులు కొద్ది రోజులపాటు ఒకే ఆవరణలో కలుసుకొని, కొత్త యంత్రాలను చూపించుకొని, బేరసారాలకు పునాది వేసుకొనే ఏర్పాటు. ఇటువంటివి చాలాకాలం ఢిల్లీ ప్రగతి మైదానానికో, హైదరాబాదు హైటెక్స్‌కో పరిమితమై ఉండేవి. గత దశాబ్దంలో విశాఖపట్నం కూడా వీటికి వేదికగా మారడంతో చుట్టుపక్కల పట్టణాల వారికి ఇవి ఒక పగటి ప్రయాణం దూరంలోకి వచ్చాయి. ఉదాహరణకు, చోడవరం పట్టణం 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినప్పటికీ, పెద్ద ఆసుపత్రికైనా పై చదువుకైనా అక్కడివారు ఇప్పటికీ చూసేది విశాఖ వైపే. యాభై కిలోమీటర్ల లోపు దూరమే కాబట్టి, సదస్సు రోజుల్లో హోటల్ గది కోసం వెతుక్కోవలసిన అవసరం కూడా వారికి ఉండదు.

చెరకు పండించే ఈ ప్రాంతానికి మిగతా సదస్సులకంటే దగ్గరి సంబంధం ఉన్నది 2017 నవంబరు 15 నుంచి 17 వరకు విశాఖలో జరిగిన ఆంధ్రప్రదేశ్ అగ్రిటెక్ సదస్సు. చివరి రోజున బిల్ గేట్స్ హాజరు కావడంతో పత్రికల దృష్టి అంతా ఆయన ప్రసంగం మీదికే మళ్ళింది. ఆ తరువాత 2018 డిసెంబరు 13 నుంచి 15 వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల నాలుగో అంతర్జాతీయ సదస్సు, విశాఖ శివార్లలో వైద్య పరికరాల తయారీ కోసమే నెలకొల్పిన మెడ్‌టెక్ జోన్‌లో జరిగింది. 2023 మార్చి 3, 4 తేదీల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాల మైదానంలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సు జరిగింది.

పేర్లు ఏవైనా వీటన్నిటికీ రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి వేదిక: అక్కడ ప్రసంగాలు, సంతకాలు, ఫొటోలు. 2023 సదస్సులో 13 లక్షల కోట్ల రూపాయలకు పైబడిన అవగాహన ఒప్పందాలు కుదిరాయని ప్రకటించారు గాని, అవగాహన ఒప్పందమంటే పెట్టుబడి పెట్టే ఉద్దేశాన్ని తెలిపే పత్రమే తప్ప, సాధారణంగా చట్టరీత్యా కట్టుబడి ఉండవలసిన కరారు కాదని సామాన్య పాఠకుడు గుర్తుంచుకోవడం మంచిది. రెండో ముఖం ప్రదర్శనశాల, అంటే స్టాళ్ళ వరుస. దూరం నుంచి వచ్చినవారికి నిజంగా పనికివచ్చేది ఇదే.

వ్యవసాయ సాంకేతిక స్టాళ్ళలో అతి చిన్న పరికరం రిఫ్రాక్టోమీటరు. జేబులో పట్టే గొట్టం వంటి దీని గాజుముక్క మీద ఒక చుక్క చెరకు రసం వేసి, మూత దించి, వెలుతురు వైపు తిప్పి కంటికి ఆనించుకుంటే, లోపలి కొలబద్ద మీద నీలం, తెలుపు రంగులు కలిసే గీత కనిపిస్తుంది. ఆ గీత చూపే అంకెను బ్రిక్స్ అంటారు. రసంలో కరిగి ఉన్న పదార్థం, అందులో ముఖ్యంగా పంచదార, పెరిగేకొద్దీ కాంతి ఎక్కువగా వంగుతుందన్నదే దీని వెనుక సూత్రం. బ్రిక్స్ 18 దాటితే తోట నరకడానికి వచ్చినట్టు సాధారణంగా భావిస్తారు. చోడవరం దగ్గరి గోవాడ చక్కెర కర్మాగారానికి చెరకు తోలుతూ వచ్చిన ప్రాంతంలో ఈ అంకె విలువ వేరే చెప్పనక్కరలేదు.

పిచికారీ డ్రోన్ చుట్టూ మాత్రం ఎప్పుడూ జనం మూగి ఉంటారు. చెరకు తలెత్తు దాటాక మనిషి లోపలికి వెళ్ళి మందు కొట్టడం కష్టం కాబట్టి ఈ పంటకు డ్రోన్ ఆకర్షణ సహజమే. అయితే అడగవలసిన ప్రశ్నలు ధరతో ఆగిపోకూడదు: ఒక బ్యాటరీ ఎన్ని నిమిషాలు నిలుస్తుంది, రెక్క విరిగితే విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, 2021 డ్రోన్ నిబంధనలు కోరే పైలట్ ధ్రువపత్రం ఎవరికి ఉంది? వీటికి సూటిగా జవాబివ్వని స్టాలు దగ్గర రంగుల కరపత్రం తీసుకొని ముందుకు నడవడమే మేలు.

ఉపగ్రహ చిత్రాలతో పంట ఆరోగ్యం చెబుతామనే సంస్థల విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ రెంటి తేడాను బట్టి పైరు బలాన్ని అంచనా వేస్తారు. ఐరోపా అంతరిక్ష సంస్థకు చెందిన సెంటినెల్-2 ఉపగ్రహం ఉచితంగా ఇచ్చే చిత్రంలో అత్యంత సూక్ష్మమైన గడి పది మీటర్ల చదరం. ఆ లెక్కన ఎకరానికి సుమారు నలభై గడులు, అర ఎకరానికి ఇరవై మాత్రమే. గట్ల మీది గడుల్లో పక్క పొలం కూడా కలిసిపోతుంది. పైగా వానకాలంలో మేఘాలు అడ్డం. వందల ఎకరాల కమతాలకు పుట్టిన ఈ విద్య చిన్న కమతాలకు ఎంతవరకు సరిపోతుందో స్టాలులోనే అడిగి తేల్చుకోవాలి.

ప్రదర్శన చూశాక మిగిలిన పూటకు నగరం ఉండనే ఉంది. రామకృష్ణా బీచ్ ఒడ్డున నిలిపిన ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి, ఏ స్టాలూ చూపలేని యంత్రం. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో భారత నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన దీన్ని 2002లో మ్యూజియంగా మార్చారు. సుమారు 91 మీటర్ల పొడవున్న ఈ ఉక్కు గొట్టంలో ఒక గది నుంచి మరో గదికి వెళ్ళాలంటే గుండ్రటి ద్వారంలోంచి వంగి, ముందు కాలు, తరువాత తల పెట్టి దూరాలి. నీటిపై డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు నింపుకొని, నీటి అడుగున ఆ బ్యాటరీలతోనే నడిచే పద్ధతిని నౌకాదళ విశ్రాంత ఉద్యోగులు అక్కడికక్కడే వివరిస్తారు. సోమవారం సెలవు. రోడ్డుకు అవతల ఉన్న టీయూ-142 యుద్ధవిమానం 29 ఏళ్ళ సేవ తరువాత 2017 మార్చిలో విరమించి, అదే ఏడాది డిసెంబరులో మ్యూజియంగా తెరుచుకుంది. అగ్రిటెక్ సదస్సుకు వచ్చినవారు కొద్ది వారాల తేడాతో దీన్ని చూడలేకపోయారు.

బీచ్‌లో ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి కాగితపు పొట్లంలో ఇచ్చే మూరీ మిక్చర్ తినకుండా వస్తే విశాఖ వెళ్ళినట్టు లెక్క కాదని స్థానికుల అభిప్రాయం, అది తోసిపుచ్చదగినది కాదు. చోడవరానికి పెందుర్తి, సబ్బవరం మీదుగా తిరిగి వెళ్ళేవారు కాస్త పక్కకు మళ్ళితే సింహాచలం చేరవచ్చు. ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే వరాహ నరసింహస్వామి నిజరూపం వైశాఖ మాసపు అక్షయ తృతీయ నాడే దర్శనమిస్తుంది. పైన చెప్పిన సదస్సులు మూడూ నవంబరు, మార్చి నెలల మధ్యే జరిగాయి గనుక, వాటికి వచ్చిన భక్తులకు దక్కింది చందన రూప దర్శనమే.