మంట లేని పరిమళపు కొవ్వొత్తి: ఇంట్లో చేసే ముందు ఇది చదవండి

 

దీపావళి సెలవుల తర్వాత మన బడిలో చేతిపనుల ప్రదర్శన ఉంది కదా. ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చాలామంది ‘కరెంటు కొవ్వొత్తి’ చేస్తామని పేర్లు ఇచ్చారు. చుట్టూ వాసన కలిపిన మైనం, లోపల బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్.ఇ.డి. లైటు. పొగ రాదు, ఫ్యాను వేసినా ఆరదు. మంచి ఆలోచనే. అయితే పేరు ఇచ్చేటప్పుడు ఒక అమ్మాయి, “మంటే లేదు కదా సార్, ఇంక భయమేముంది?” అంది. ఆ మాటకు జవాబుగానే ఇది రాస్తున్నాను.

వెలిగించేటప్పుడు మంట లేదు, నిజమే. కానీ చేసేటప్పుడు పొయ్యి ఉంది. చేశాక లోపల బ్యాటరీ ఉంది. ఈ రెండు చోట్ల జాగ్రత్తపడితే మిగతాదంతా సులువు.

కావలసినవి

పారఫిన్ మైనం అర కిలో. కొవ్వొత్తుల కోసమే అమ్మే పరిమళ తైలం 15 గ్రాములు. ఖాళీ జూస్ అట్టడబ్బా ఒకటి. ఒక పెద్ద గిన్నె, అందులో పట్టే చిన్న గిన్నె. పాత గరిటె, వంటింటి తూకం, ల్యాబులో వాడే థర్మామీటరు. జ్వరం చూసేది పనికిరాదు, అది అంత వేడిని కొలవలేదు. థర్మామీటరు లేనివారు సైన్సు టీచరును అడిగి తీసుకెళ్లండి. ఇంకా ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపం. బ్యాటరీ మూతకు స్క్రూ ఉన్నదే కొనండి. ఎందుకో కింద చెబుతాను.

మైనం కరిగించడం: ఈ పని పెద్దలదే

కొన్నేళ్ల కిందట నేనే ఒక తప్పు చేశాను. మైనం గిన్నెను నేరుగా గ్యాసు పొయ్యి మీద పెట్టి, ఫోను మోగితే వరండాలోకి పోయాను. మాట్లాడి వచ్చేసరికి గిన్నెలోంచి తెల్లటి పొగ లేస్తోంది. మా ఇంటావిడ పరుగున వచ్చి పొయ్యి కట్టేసింది కాబట్టి సరిపోయింది. ఇంకాసేపు ఆగి ఉంటే అంటుకునేది.

మైనం నీళ్లలాగా మరిగి మనల్ని హెచ్చరించదు. చప్పుడు లేకుండా వేడెక్కుతూ పోతుంది. సుమారు 200 డిగ్రీలు దాటితే దాని ఆవిరి అంటుకోగలదు. అందుకే పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, అందులో మైనం గిన్నెను ఉంచి కరిగించాలి. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మన హోసూరు ఎత్తు మీద ఉంది కాబట్టి ఇంకా కొంచెం తక్కువకే మరుగుతాయి. నీళ్లు ఉన్నంతసేపు మైనం అంతకు మించి వేడెక్కదు. నీళ్లు ఇగిరిపోకుండా చూసుకుంటూ, సన్నని సెగ మీద, పక్కనే నిలబడి చేయాలి. ఫోను ఇంకో గదిలో పెట్టండి.

ఒకవేళ మైనం అంటుకుంటే నీళ్లు పోయవద్దు. మంట ఒక్కసారిగా పైకి ఎగుస్తుంది. పొయ్యి కట్టేసి గిన్నె మీద మూత వేయండి. చేతి మీద మైనం పడితే ధారగా పడే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు రాయకండి. అంటుకున్న మైనాన్ని పీకకండి. కాలిన చోటు పెద్దదైతే డాక్టరుకు చూపించండి.

పోత పోయడం

1. అట్టడబ్బాను కడిగి పూర్తిగా ఆరబెట్టి, అడుగు నుంచి 8 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించండి. లోపల తడి ఉండకూడదు. దాన్ని ఒక పళ్లెంలో నిలబెట్టండి.

2. మైనం అంతా కరిగాక పొయ్యి కట్టేయండి. వేడి 75 డిగ్రీల దగ్గరకు దిగాక తైలం పోసి, రెండు నిమిషాలు నిదానంగా కలపండి.

3. అట్టడబ్బాలో అంచుకు కొంచెం తక్కువగా పోసి, కదపకుండా వదిలేయండి. కొంచెం మిగిలితే ఉండనివ్వండి, దానికీ పని ఉంది.

4. మైనం గోడల వైపు నుంచి లోపలికి గట్టిపడుతూ వస్తుంది. అరగంట అటూ ఇటూ పట్టవచ్చు. గడియారాన్ని కాదు, అంచును చూడండి. గట్టిపడిన అంచు చిటికెన వేలి మందం రాగానే, పైన కట్టిన పొరను పెద్దలు చాకుతో కోసి, మధ్యలో ఉన్న ద్రవాన్ని గిన్నెలోకి వంపేయాలి. లోపల బోలుగా గూడులాగా మిగులుతుంది.

5. పూర్తిగా చల్లారాక అట్టను చించి తీసేయండి. మైనం చల్లారితే కుంచించుకుంటుంది కాబట్టి సులువుగానే వస్తుంది. ఆ గూట్లో ఎల్.ఇ.డి. దీపం పెడితే గోడలన్నీ మెత్తగా వెలుగుతాయి.

గిన్నెలో మిగిలిన మైనాన్ని సింకులో పోయవద్దు. గొట్టంలో గడ్డకట్టి కూర్చుంటుంది.

వాసన సంగతి

అర కిలోకు 15 గ్రాములంటే నూటికి మూడు పాళ్లు. మొదటిసారికి చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ వాసన వస్తుందనుకోకండి. మైనం పట్టి ఉంచుకోలేని తైలం చెమట బొట్లలాగా పైకి తేలుతుంది. పన్నీరు కలపవద్దు. అది నీరు, మైనంలో కలవదు. మన హోసూరు గులాబీ రేకులు వేద్దామనీ కొందరికి అనిపిస్తుంది. వేడికి అవి గోధుమ రంగుకు తిరుగుతాయి, వాసనా నిలవదు.

ముందే ఒక మాట చెబుతాను, తర్వాత నిరాశపడవద్దు. మంట ఉన్న కొవ్వొత్తిలో మైనం కరిగి, ఆ వేడికి తైలం ఆవిరై గదంతా వ్యాపిస్తుంది. ఎల్.ఇ.డి.కి అంత వేడి లేదు. కాబట్టి దగ్గరకు వెళితేనే మెల్లగా వాసన తెలుస్తుంది.

గదంతా రావాలంటే అంగడిలో దొరికే కరెంటు మైనపు వార్మరు కావాలి. గిన్నెలోకి వంపిన మైనాన్ని మళ్లీ అలాగే నీళ్ల గిన్నెలో కరిగించి, చిన్న చిన్న బిళ్లలుగా పోసుకుంటే అవి వార్మరుకు పనికొస్తాయి. బల్బు, రేకు డబ్బా కలిపి ఆ వార్మరును మాత్రం ఇంట్లో సొంతంగా చేయవద్దు. అది 230 వోల్టుల కరెంటు. ప్రదర్శనకు అలాంటిది తెస్తే నేను ఒప్పుకోను.

ఇంట్లో ఆస్తమా ఉన్నవారుంటే తైలం లేకుండానే చేయండి. వెలుగు తగ్గదు, మార్కులూ తగ్గవు.

లోపలి బ్యాటరీ

ఈ చిన్న దీపాల్లో ఎక్కువగా ఉండేది నాణెంలాంటి బటన్ బ్యాటరీ. దాని మీద 2032 అని ఉంటే, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని అర్థం. పోయిన పండుగకు మా మనవడు దీపాన్ని నేలకేసి కొట్టాడు. మూత ఊడి బ్యాటరీ బయటపడింది. రెండేళ్ల బిడ్డ, తీసి నోటి దాకా తెచ్చుకున్నాడు. మా కోడలు చూసి లాక్కుంది. ఆ క్షణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే.

మింగిన బ్యాటరీ గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కుంటే, అక్కడి తడితో కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలగలదు. వెలుగు ఇవ్వని పాత బ్యాటరీ కూడా ఆ పని చేయగలదు. మింగారని అనుమానం వచ్చినా ఆగవద్దు. వాంతి చేయించవద్దు, అన్నం అరటిపండు పెట్టి కిందకు దిగుతుందని చూడవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి, లేదా నేరుగా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. బ్యాటరీ అని మొదటి మాటగా చెప్పండి.

స్క్రూ మూత ఉన్న దీపమే కొనమన్నది ఇందుకే. పాత బ్యాటరీకి రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టి, తర్వాత ఎలక్ట్రానిక్ చెత్తలో ఇవ్వండి. తైలం సీసా కూడా పైనే ఉండాలి.

తొమ్మిదో తరగతికి ఒక పని

గిన్నెలో మిగిలిన మైనం చల్లారేటప్పుడు రెండు నిమిషాలకొకసారి వేడి చూసి రాసుకోండి, గ్రాఫు గీయండి. గడ్డకట్టడం మొదలయ్యాక గీత దిగడం నెమ్మదిస్తుంది. ఎందుకు? పుస్తకంలో ‘గుప్తోష్ణం’ అని చదివి పరీక్షలో రాసింది ఇదే. లండన్‌లో మైఖేల్ ఫారడే 1860-61లో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు ఒక్క కొవ్వొత్తి మీదే ఇచ్చాడు. మీరు ఒక్క గ్రాఫు తెండి చాలు.

ప్రదర్శనకు తెచ్చేవారు కొవ్వొత్తితో పాటు, కరిగించేటప్పుడు పక్కన ఎవరు ఉన్నారో చీటీ మీద రాయించి, వారి సంతకం తీసుకురండి. ఇంట్లో ఎవరికీ తీరిక లేకపోతే సిగ్గుపడకండి. శనివారం మధ్యాహ్నం బడికి రండి, సైన్సు టీచరు, నేను దగ్గరుండి చేయిస్తాం.

— ప్రధానోపాధ్యాయుడు