కందిచేని ఈగ

ఈగ యనగానే మనకు రోత కలుగును. అన్నముపై వ్రాలి రోగములు తెచ్చు ఇంటియీగ నెరిగినవారికి ఆ రోత సహజమే. కాని ఈగలన్నియు నొక్క తీరువి కావు. పూలతేనె త్రాగి తాము బ్రదుకుచు, సంతానమును మాత్రము గొంగళిపురుగులు మొదలగు కీటకముల దేహములందు పెంచు ఈగల కుటుంబ మొకటి కలదు. దీనిని శాస్త్రజ్ఞులు టాకినిడ్ కుటుంబమందురు. లోకమున నిందు 8,000లకు మించిన జాతులు గలవు. మన కందిచేలలో తిరుగు కార్సీలియా ప్రజాతి ఈ కుటుంబములోనిదే.

చూపునకిది ఇంటియీగను పోలియుండును. కాని ఒడలిపై, విశేషించి వెనుకభాగమున, బిరుసు వెండ్రుకలు ముండ్లవలె నిలిచియుండును. కొత్తిమీర, సోపు పూల గుత్తులపై ఈ కుటుంబపు టీగలు వ్రాలుచుండును. నగరములో కలిసిపోయిన సైదాబాదువంటి చోట్లనైనను, పెరటి కొత్తిమీరను పూయనిచ్చినవారు వీనికై చూడవచ్చును.

ఆడుఈగ పురుగు నొడలిపై గ్రుడ్డు నంటించును. అందుండి వెడలిన ఈగపిల్ల చర్మమును తొలిచి లోనికి పోవును. ఊపిరికి గాలిత్రోవ నొకటి నిలుపుకొని లోపలి పదార్థమును తినుచు పెరుగును. పురుగు వెంటనే చావదు. కొన్నాళ్లు మేయుచునే యుండును. తుదకది చావగా, ఈగపిల్ల వెలువడి మన్నుచేరి, కొన్నిదినములకు ఈగయై యెగురును.

హైదరాబాదునకు చేరువను పటాన్‌చెరువున 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనాలయమువారు శనగపచ్చ పురుగు శత్రువులను పరిశీలించిరి. కందిపై నెదిగిన పురుగులను చంపువానిలో ఈ ఈగలే ముఖ్యములనియు, అందు కార్సీలియా ఇల్లోటా ప్రధానమనియు తేలినది. అయితే ఈగపట్టిన పురుగు చచ్చులోపల కాయను తొలుచునుగదా! కనుక ఈగవలని మేలు నేటి పురుగునందు కొంతయే. ఆ పురుగు చిలుకయై గ్రుడ్లు పెట్టకుండుటయందే అధికము.

ఈ కుటుంబమంతయు మనకు మిత్రమని మాత్రము తలపరాదు. ఊజీ ఈగయు దీనిలోనిదే. అది 1980లో బంగాళమునుండి పట్టుగూళ్లతో కర్ణాటకమునకు చేరి, పిమ్మట రాయలసీమ పట్టుప్రాంతములకును వ్యాపించినది. గొంగళిని చంపు గుణ మొక్కటియే. కందిరైతునకు లాభమైనది పట్టురైతునకు నష్టమైనది. అందుచే పట్టుపురుగుల యింటి కిటికీలకు, తలుపులకు సన్నని వల కట్టవలెను. కందిచేనిలో ఈగను బ్రదుకనీయవలెను.

పూత కనబడగానే, పొరుగువాడు చల్లెనని మనమును మందు చల్లుట తగదు. ఆ మందు పురుగుతోపాటు ఈగను, తేనెటీగను గూడ చంపును. మున్ముందు చేను నాలుగుమూలలు తిరిగి మొక్కకెన్ని పురుగులున్నవో లెక్కింపుడు. పెద్దపురుగులపై తెల్లని చుక్కలవంటి గ్రుడ్లున్నవేమో చూడుడు. మందు తప్పనిచో, వ్యవసాయాధికారి చెప్పిన మోతాదునకు మించకుడు. గట్టుమీద నాలుగు ధనియాలు చల్లి, ఆ మొక్కలను పూయనిండు. అందుకగు వ్యయము పిడికెడు గింజలే.